స్పీడు చూడబోతే మర్యాద అడ్డొచ్చింది

మొన్న మా ఇంట్లో ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందని ఫిర్యాదు చేస్తే కంపెనీ నుంచి ఒకతను వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి తన ఫోన్‌లో ఏదో నొక్కి, నాకో అంకె చూపించి, "బాగుందండి, బ్రహ్మాండంగా ఉందండి" అన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మంచినీళ్లిస్తే తాగలేదు. నేను ఏ గదిలో కూర్చుంటాను, ఏ వేళప్పుడు నెమ్మదిస్తోంది, అప్పుడు ఇంట్లో ఇంకేం జరుగుతూ ఉంటుంది, ఒక్క ముక్క అడగలేదు. అతను మెట్లు దిగేలోపే నా కంప్యూటర్ తెర మీద చక్రం తిరగడం మొదలెట్టింది.

నాకు ఒళ్లు మండిన మాట నిజం. అతని మీద కాదు లెండి, ఆ "బాగుందండి" అన్న మాట మీద. టెలిఫోన్ శాఖలో నేను పనిచేసిన ఆఖరి సంవత్సరాలన్నీ ఆ మాటతో కుస్తీ పట్టడానికే సరిపోయాయి. మంచినీళ్లు ముట్టకుండా వెళ్లిపోవడం మాత్రం, ఆలోచిస్తే, అతను చేసిన ఒకే ఒక్క మంచి పని. అదెలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఈ ఉద్యోగాల్లోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదువుకుంటే సంతోషం. నాకెప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు నా ఫైలు తొక్కిపెట్టారు లాంటివి ఇందులో ఉండవు. అవి నాకే విసుగు.

చెవులతో చేసిన ఉద్యోగం

తొంభైల మొదట్లో నేను రాజమండ్రిలో ట్రంక్ ఆపరేటర్‌ని. ట్రంక్ కాల్ అంటే ఇప్పటివాళ్లకి చెప్పాలి కాబోలు. దూరపు ఊరికి మాట్లాడాలంటే జనం ముందు మాకు ఫోన్ చేసేవారు. ఫలానా ఊరు, ఫలానా నంబరు అని చెప్పి, పెట్టేసి, ఫోన్ పక్కనే కూర్చుని ఎదురుచూసేవారు. మాకు లైను దొరికినప్పుడు వరస ప్రకారం ఇద్దరినీ కలిపేవాళ్లం. ఒక పెద్ద హాలు, గోడ పొడుగునా బోర్డులు, వాటి ముందు మేం ఆడవాళ్లం వరసగా. అందరి తలల మీదా హెడ్‌సెట్లు, జడల్లో మల్లెపూలు. వేసవిలో ఆ హాల్లోకి అడుగుపెడితే పూల వాసన, వేడెక్కిన వైర్ల వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ ఏ దుకాణంలోనైనా వైరు కాలిన వాసన తగిలితే నాకు మల్లెపూలు గుర్తొస్తాయి. నవ్వుకుంటారు గానీ నిజం.

మా సూపర్‌వైజరు సుభద్రమ్మ గారు. చండశాసనురాలు. మేం గుసగుసలాడితే పెన్ను మూతతో బోర్డు అంచు మీద టకటకా కొట్టేవారు. ఆవిడ దగ్గర నేర్చుకున్నది ఏ ట్రైనింగులోనూ చెప్పరు.

ఒక పొద్దున ఒకాయన విశాఖపట్నానికి కాల్ అడిగారు. గొంతు నెమ్మదిగా, ఎంతో మర్యాదగా ఉంది. అర్జెంటా అండి అని అడిగితే, "అబ్బే, మీకు వీలున్నప్పుడే కలపండమ్మా, తొందరేం లేదు" అన్నారు. మామూలు వరసలో రాసుకున్నాను. వెనక నిలబడి రెండో హెడ్‌సెట్‌తో వింటున్న సుభద్రమ్మ గారు చటుక్కున నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన మాట వెనకాల సన్నగా చక్రాల కిరకిర, స్టీలు పళ్లెం చప్పుడు, ఎవరో ఆడమనిషి ఏడుపు వినిపించాయట. నేను విన్నాను గానీ పట్టించుకోలేదు. ఆయన మాట్లాడుతున్నది ఆసుపత్రి నుంచి. ముందుకు తోసి కలిపాం. అవతల ఆయన తమ్ముడు దొరికాడు, రైలెక్కడానికి బయల్దేరాడు.

తర్వాత సుభద్రమ్మ గారు, "మనవైపు వాళ్లు ప్రాణం మీదకొచ్చినా ఎదుటివాళ్లని ఇబ్బంది పెట్టకూడదనుకుంటారే. మాట వింటే చాలదు, మాట వెనకాల ఏముందో వినాలి" అన్నారు. నా సర్వీసంతటికీ పనికొచ్చిన చదువు అదొక్కటే అంటే అతిశయోక్తి కాదు.

ఆ తర్వాత ఎవరికి వాళ్లే నేరుగా నంబరు తిప్పుకునే రోజులొచ్చాయి. బోర్డులు ఒక్కొక్కటే చీకటి పడ్డాయి. హాలు ఖాళీ చేసిన రోజు సుభద్రమ్మ గారు తన పెన్ను మూత నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. ఆపరేటర్లలో కొందరు బిల్లుల కౌంటర్లకి పోయారు, కొందరు ముందే రిటైరయ్యారు. నేను పరీక్ష రాసి, ట్రైనింగుకి వెళ్లి, సాంకేతిక విభాగంలోకి మారాను. అలాగని నాకు మిషన్ల మీద ప్రేమేం లేదు. కౌంటర్లో కూర్చుంటే డబ్బుల లెక్కే తప్ప మనుషుల గొంతులు వినబడవని భయం వేసింది, అంతే.

ముల్లు ఎక్కడాగిందో

రెండువేల తర్వాత నాలుగైదేళ్లకి మావైపు ఊళ్లలోకి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. నేనప్పుడు రామచంద్రపురం వైపు ఒక సెక్షన్లో ఉన్నాను. ఫోన్ వైరులోనే ఇంటర్నెట్. గోడకి ఫోను, దాని పక్కన చిన్న డబ్బా లాంటి మోడెమ్, అక్కడి నుంచి కంప్యూటర్‌కి తీగ. ఆ కంప్యూటర్ల వైభోగం చూడాలి! కుట్టుపని చేసిన గుడ్డ కవరు, కింద పెట్టెకి పసుపు, కుంకుమ బొట్టు, ముందు ఎవరూ కూర్చోకుండా కుర్చీ మీద ఇంకో కవరు. మేం వెళ్లి ఆ ముసుగులన్నీ తీయించడానికే సగం సమయం పట్టేది.

స్పీడు పరీక్ష అంటే ఇంటిల్లిపాదికీ వేడుక. తెర మీద గుండ్రటి మీటరు, అందులో ముల్లు. నొక్కగానే ముల్లు వణికి, పైకి లేచి, ఒక అంకె దగ్గర ఆగేది. మొదట బయటి నుంచి మన ఇంటికి వచ్చే వేగం, తర్వాత మన ఇంటి నుంచి బయటికి పోయే వేగం. జనం మొదటిది చూసి చప్పట్లు కొట్టి, రెండోది వచ్చేసరికి వంటింట్లోకి వెళ్లిపోయేవారు. మా వాళ్లూ అంతే. ఒక ఇంట్లో ముసలమ్మ గారు మంచం మీద నుంచే, "ఏమే, ఎంతుంది? తగ్గిందా?" అని అడిగింది. జ్వరం చూస్తున్నామనుకుంది పాపం. నాకు నవ్వాగలేదు. కానీ ఆవిడ అడిగిందే సరైన ప్రశ్న. జ్వరం పొద్దున ఉండదు, మధ్యాహ్నానికి వస్తుంది. ఒక్కసారి చూసి లేదంటే ఎలా?

నేను పెట్టుకున్న పద్ధతి చెబుతాను. కంప్యూటర్ తెర మీద తెరిచి ఉన్న కిటికీలన్నీ మూసి, ఇంట్లో వేరే గదుల్లో తగిలించిన ఫోన్లు తీసేసి, మోడెమ్ నుంచి కంప్యూటర్‌కి నేరుగా తీగ పెట్టి ఒకసారి చూడాలి. అది వైరు ఆరోగ్యం. ఆ తర్వాత, వాళ్లు రోజూ ఎలా వాడతారో అన్నీ అలాగే పెట్టించి మళ్లీ చూడాలి. అది ఇంటి ఆరోగ్యం. ఈ రెండోది ఎవరూ చేయరు. కోనసీమలో ఒక ఇంట్లో గాలేస్తే నెట్ పోతోందని చెబితే మా ఆఫీసులో అందరూ నవ్వారు. వెళ్లి చూస్తే, మా వాళ్లే ఎవరో స్తంభానికి బదులు కొబ్బరిచెట్టుకి వైరు కట్టి వచ్చారు. చెట్టు ఊగినప్పుడల్లా జాయింటు ఊడుతోంది. ఆ ఇంటాయన మాత్రం చెట్టు తనది కాబట్టి తప్పు తనదేనని క్షమాపణ చెప్పుకుంటూ బొండాలు కొట్టించాడు.

మా ఆఫీసరు మూర్తి గారు. చెడ్డవాడు కాదు. వరదొచ్చి కేబుళ్లు మునిగితే నడుం లోతు నీళ్లలో మాతోపాటు దిగిన మనిషి. కానీ సాయంత్రమయ్యేసరికి పెండింగు ఫిర్యాదులు ఉండకూడదు, అదొక్కటే ఆయన పిచ్చి. వెళ్లావా, స్పీడు చూశావా, వచ్చిందా? అయితే క్లోజ్ చేసెయ్. మళ్లీ ఫోన్ చేస్తే అది కొత్త ఫిర్యాదు. మనిషి పాతదే, బాధ పాతదే, ఫిర్యాదు మాత్రం కొత్తది. ఇలాంటి ఆఫీసర్లు మీకూ తగులుతారు. వాళ్లతో వాదించకండి. క్లోజ్ చెయ్యమంటే చెయ్యండి, తర్వాత మళ్లీ వెళ్లండి.

పద్మజ

కాలవ గట్టు మీద ఒక ఊరు. పేరెందుకు లెండి. ఆ ఊరి నుంచి పద్మజ అనే అమ్మాయి పదే పదే ఫోన్ చేసేది. బీయస్సీ చదివి, పెళ్లికి ముందు కాకినాడలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్చుకుంది. ఎక్కడో విదేశాల్లో డాక్టర్లు రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటలు వీళ్లకి వస్తాయి. విని, టైపు చేసి, చెప్పిన వేళకల్లా తిరిగి పంపాలి. పెళ్లయి అత్తారింటికి వచ్చాక కూడా ఆ పని ఇంట్లోంచే చేసుకుంటోంది. భర్తకి కోరంగి వైపు రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం, పొద్దున పోతే పొద్దుగూకాక వస్తాడు. అత్తగారు లేరు. ఇంట్లో మావగారు సూరిబాబు గారు, ఈ అమ్మాయి, నడక నేర్చిన పిల్ల.

ఆమె ఫిర్యాదు ఒకటే. టైపు చేసింది పంపబోతే మధ్యలో ఆగిపోతోంది. మొదట మా లైన్‌మాన్ అబ్బులు వెళ్లాడు. స్పీడు చూశాడు, శుభ్రంగా ఉంది. క్లోజ్. మళ్లీ ఫోన్. మళ్లీ వెళ్లాడు, మళ్లీ శుభ్రంగా ఉంది. మూర్తి గారు విసుక్కుని, కొందరికి ఫోన్ చేయడం అలవాటని తేల్చేశారు. నాకెందుకో ఆ అమ్మాయి గొంతు అలవాటుగా ఫోన్ చేసేదానిలా అనిపించలేదు. మూడోసారి నేనే మోపెడ్ వేసుకుని, అబ్బుల్ని వెంటబెట్టుకుని వెళ్లాను.

ఇల్లు కాలవ వైపు తిరిగి ఉంది. మమ్మల్ని చూడగానే సూరిబాబు గారు తెల్లపంచె సర్దుకుంటూ వీధిలోకి వచ్చేశారు. లోపలికి తిరిగి పెరటి వైపు చేత్తో ఏదో సైగ చేసి, "రండి రండి మేడమ్ గారండీ, ఎండనపడి వచ్చారు" అని ఫ్యాను కింద కుర్చీ వేశారు. బొండాలు, వాటి వెనక పూతరేకులు, వాటి వెనక కాఫీ. ఇల్లంతా ప్రశాంతంగా ఉంది. పిల్ల పడుకుంది. ఆకు రాలితే వినబడుతుంది. ఇంత చల్లటి ఇంట్లో కూర్చుని పనిచేసుకోవడం అదృష్టం అనుకున్నాను, చూడండి నా బుద్ధి.

పద్మజ మెడలో హెడ్‌ఫోన్లు వేలాడుతున్నాయి. బల్ల కింద కుట్టుమిషన్ తొక్కుడు లాంటి చిన్న పెడలు. అది తొక్కితే డాక్టరు మాట ఆగుతుందట, వదిలితే నడుస్తుందట. హెడ్‌ఫోన్లు చూసి నాకు నా ట్రంక్ బోర్డు గుర్తొచ్చి ఆ పిల్ల మీద ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది.

స్పీడు చూశాను. వచ్చే వేగం బాగుంది. పోయే వేగం కూడా బాగుంది. కాసేపు ఆగి మళ్లీ చూశాను, మళ్లీ బాగుంది. ఆమె రోజూ ఎలా వాడుతుందో అలాగే పెట్టించి చూశాను, అయినా బాగుంది. సూరిబాబు గారు ఊరటగా నిట్టూర్చి కోడలి వైపు తిరిగారు. "చూశావామ్మా, ఆఫీసరు గారే వచ్చి బాగుందంటున్నారు. ఇంక లోపం ఎక్కడుందంటావ్?" అన్నారు. కసురుకోలేదు, ఎంతో మృదువుగానే అన్నారు. ఆ మృదుత్వానికే ఆ పిల్ల ముఖం చిన్నబోయింది.

పద్మజ నన్ను సాగనంపుతూ బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క, అరటిపళ్లు చేతిలో పెట్టింది. అప్పుడు మెల్లిగా, "మీరెళ్లాక మళ్లీ పోతుందండి. నేను అబద్ధం చెప్పట్లేదండి" అంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఇంకోసారి ఆలస్యమైతే పేరు తీసేస్తామని ఆమె కంపెనీవాళ్లు చెప్పేశారట. ఇంట్లోనేమో టైపింగులోనే లోటుందేమోనని మావగారు, భర్త అనుకుంటున్నారు. ఊరికే శ్రమ ఎందుకు, ఈ నెలాఖరుకి నెట్ తీయించేద్దాం అంటున్నారు. ఉద్యోగం పోతుందన్నదానికంటే, చెప్పిన మాట ఒక్కరూ నమ్మడం లేదన్నది ఆ పిల్లని ఎక్కువ కోస్తోంది. మళ్లీ పోతే ఆ క్షణమే నాకు నేరుగా ఫోన్ చెయ్యమని నా టేబులు నంబరిచ్చి వచ్చాను.

ఆ చప్పుడేంటి?

కొద్ది రోజులకే ఫోన్ వచ్చింది, పొద్దున పదిన్నర వేళప్పుడు. "మేడమ్, మళ్లీ ఆగిపోయిందండి. రెండు గంటలకల్లా పంపాలండి. ఇవాళ పంపకపోతే ఇంక అంతేనండి" అంది. పాపం, అంత ఆదుర్దాలో కూడా మీకు వీలుంటేనే రండి అని చేర్చింది.

వీలుంటేనే అన్న మాట చెవిన పడగానే సుభద్రమ్మ గారు పెన్ను మూతతో బోర్డు మీద కొట్టినట్టయింది. మాట వెనకాల విన్నాను. ధడ్ ధడ్ ధడ్ మని ఏదో బెల్టు తిరుగుతోంది. దానికి తోడు లైనులో సన్నటి గరగర.

"పద్మజా, నీ వెనకాల ఆ చప్పుడేంటి?"

"ఏ చప్పుడండీ?" అంది. హెడ్‌ఫోన్లు పూర్తిగా తీసి విన్నట్టుంది. "ఓ, అదాండీ? మా పిండిమర అండి. పెరటి వైపు ఉంది. ఎప్పుడూ ఉండేదే కదండీ."

"నేనొచ్చినప్పుడు లేదే?"

"మీరొచ్చారని ఆపేశారు కదండీ. ఎవరొచ్చినా మావయ్య గారు ఆపించేస్తారండి. పిండి ఎగిరి వచ్చినవాళ్ల బట్టల మీద పడుతుందని, మాట వినబడదని."

నేను కుర్చీలోంచి లేచాను. అబ్బుల్ని పిలిచి అడిగితే తల గోక్కున్నాడు. వెనక సందులో మర ఉన్న మాట నిజమేనట. "మనం ఎల్లినప్పుడల్లా మూసే ఉందండి. పాడుబడిపోయిందనుకున్నానండి" అన్నాడు. వాడి తప్పేముంది? మేం అడుగుపెడితే మర ఆగుతుంది. మర ఆగితే నెట్ బాగుంటుంది. బాగుందని రాసి మేం గడప దాటగానే మర లేస్తుంది. కోడలు చెవులకి హెడ్‌ఫోన్లు, ఆమెకి మర లేచిందో ఆగిందో తెలియదు. ఇంట్లో మిగతావాళ్లకి పుట్టినప్పటి నుంచీ వింటున్న చప్పుడు, అది చప్పుడని కూడా అనిపించదు. ఇలాంటి లోపం మా గోదావరి జిల్లాల్లో తప్ప ఇంకెక్కడా దాక్కోలేదని నేను పందెం కాస్తాను.

మూర్తి గారికి చెబితే, పిండిమరకీ ఇంటర్నెట్‌కీ సంబంధం ఏంటి అని నవ్వారు. నవ్వినా వెళ్లొద్దనలేదు. అదీ ఆయన మంచితనం.

మర వెయ్యండి

కాలవ వంతెన మీద ఉండగానే మర చప్పుడు వినబడింది. ప్రాణం లేచొచ్చింది. మోపెడ్ వాళ్ల వీధిలోకి తిప్పానో లేదో, ఠక్కున ఆగిపోయింది. సూరిబాబు గారు నవ్వుముఖంతో ఎదురొచ్చారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. పెద్దాయన అని కూడా చూడకుండా, కూర్చోకుండానే అడిగేశాను.

"సూరిబాబు గారూ, మర వెయ్యండి."

ఆయన నావైపు వెర్రిగా చూశారు. "భలేవారే. ఇంటికొచ్చిన ఆడకూతుర్ని కూచోబెట్టి మర తిప్పుతామాండి? తర్వాత చూసుకుందాం లెండి. అమ్మాయ్, కాఫీ!"

కాఫీ వద్దన్నాను. ఆయనకి అది చెంపదెబ్బలా తగిలింది. ఏదో లోటు జరిగిందనుకుని రెండు చేతులూ పట్టుకున్నంత పనిచేశారు. చివరికి చెప్పాను. "నేను చుట్టంగా రాలేదండి. మీరు నాకు మర్యాద చేసినంతసేపూ మీ ఇంట్లో జబ్బు నాకు కనబడదు. నేను లేనప్పుడు మీ ఇల్లు ఎలా ఉంటుందో అలా ఉండనివ్వండి, అదే పదివేలు."

ఆయన చాలాసేపు తటపటాయించారు. పెరటి అవతల సందులో బియ్యం డబ్బాలతో, మినప్పప్పు గిన్నెలతో ఆడవాళ్లు ఎదురుచూస్తున్నారు. మర ఎందుకాపారని ఎవరో అరుస్తున్నారు కూడా. చివరికి తన భుజం మీది తుండు తీసి, పిండి పడకుండా తల మీద కప్పుకోమని నాకిచ్చి, నేరం చేయబోయేవాడిలా పెరట్లోకి వెళ్లారు.

నేను పద్మజ పక్కన కూర్చుని పరీక్ష మొదలెట్టాను. ముల్లు చక్కగా లేచింది. వచ్చే వేగం బాగుంది. పోయే వేగం అందుకోబోతుండగా పెరట్లో మర లేచింది. నేల సన్నగా అదిరింది. తెర మీద ముల్లు ఊగి, జారి, అట్టడుగుకి పడిపోయింది. మోడెమ్ మీద స్థిరంగా వెలుగుతున్న పచ్చదీపం మిణుకుమిణుకుమని ఆరిపోయింది. పద్మజ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మర ఆపమని అబ్బులు కేకేశాడు. దీపం మళ్లీ వచ్చింది, ముల్లు లేచింది. వెయ్యమన్నాం, పడింది. ఈసారి సూరిబాబు గారు మర పాలేరుకి అప్పగించి తనే లోపలికొచ్చి, మా వెనకాల నిలబడ్డారు. ఒళ్లంతా పిండి. కిటికీలోంచి ఆయనే కేకేసి ఆపించారు, ఆయనే కేకేసి వేయించారు. ముల్లు లేవడం, పడడం కళ్లారా చూశారు. పద్మజ తల వంచుకుని ఏడుస్తోంది. తప్పు తనది కాదని తెలిసిన ఏడుపు అది. నాకూ ఆగలేదు, ఆ తుండుతోనే కళ్లు తుడుచుకున్నాను, పిండి కళ్లలో పడి ఇంకా మండింది.

సూరిబాబు గారు గొంతు సవరించుకుని కోడలితో ఒకే మాట అన్నారు. "ఇంకెంత పనుంది తల్లీ?"

"టైపు చేసేశానండి మావయ్య గారూ. పంపడమేనండి."

ఆయన పెరట్లోంచి సందులోకి వెళ్లారు. అక్కడున్నవాళ్లతో ఏమన్నారో ఈ గదిలోకి స్పష్టంగా వినబడింది. "మా కోడలు ఆఫీసు పని పంపుకుంటోందమ్మా. అది వెళ్లేదాకా మర వెయ్యను. ఏమీ అనుకోకండి. నీడలో కూచోండి, మజ్జిగ తెప్పిస్తాను."

ఫైలు వెళ్లిపోయింది. రెండు గంటలకి ఇంకా చాలా సమయం ఉంది.

అబ్బులు పైకెక్కి చూస్తే సంగతి తేలింది. మన ఫోను వైరూ, మర మోటారుకి వెళ్లే కరెంటు వైరూ ఒకే ఇనుప కొక్కేనికి కట్టి, రెండూ పెనవేసుకుని గోడ పొడుగునా వచ్చాయి. మోటారు స్టార్టరు లోపల అరిగిపోయి నిప్పులు కక్కుతోంది. ఆ అలజడంతా మన వైరులోకి దిగుతోంది. ఆ సాయంత్రానికల్లా ఫోను వైరు విప్పి, కాలవ వైపు నుంచి విడిగా తెచ్చి ఇచ్చాం. కరెంటు పనివాడొచ్చి స్టార్టరు మార్చాడు. ఆఖరి పరీక్ష, మర హోరెత్తిపోతుండగా చేశాం. ముల్లు నిలబడింది. అప్పుడు గానీ నేను "బాగుంది" అనలేదు.

మూర్తి గారు క్లోజ్ చేశారు. ఈసారి నవ్వలేదు, మర్నాటి నుంచి ఎవరు ఫిర్యాదు చేసినా ఇంట్లో మోటార్లేమున్నాయో కనుక్కోమని అందరికీ చెప్పడం మొదలెట్టారు. నేను చెప్పానని మాత్రం చెప్పలేదు, ఆఫీసర్లు అంతే.

మళ్లీ ఆ వీధిలో

ఇదంతా ఇప్పుడు మీకు పాత చింతకాయ పచ్చడిలా అనిపించవచ్చు. ఇప్పుడు ఫైబర్ అనే గాజు తీగలొచ్చాయి, వాటికి పిండిమర భయం లేదు. కానీ మనుషులు మారలేదు కదా. ఎవరింటికైనా మీరు వెళ్లగానే ఇల్లు సర్దుకుంటుంది. టీవీ ఆగుతుంది, పిల్లల్ని పక్కగదిలోకి పంపుతారు, మంచి కుర్చీ మీకిస్తారు. మీరు కొలిచేది మీకోసం సర్దిన ఇంటిని. ఫిర్యాదు చేసినామె బతికేది సర్దని ఇంట్లో. అందుకే ఆ కంపెనీ అతను నీళ్లు తాగకపోవడం మంచిదే అన్నాను. మరి కాస్త కూర్చుని నా మాట వింటే ఇంకా మంచివాడయ్యేవాడు.

ఏడాది తర్వాత వేరే పనిమీద ద్రాక్షారామం వెళ్తూ ఆ ఊరి మీదుగా వెళ్లాను. చెప్పాపెట్టకుండా వెళ్లాలని కావాలనే వెళ్లాను. వంతెన మీద ఆగి చెవి ఒగ్గాను. మర చప్పుడు లేదు. నేనింకా వీధి మలుపు కూడా తిరగలేదు. అయినా సందు వైపు డబ్బాలు పట్టుకుని ఆడవాళ్లు నీడలో కూర్చున్నారు. మర పాడైందో, నెట్ మళ్లీ పోయిందో, ఆ పిల్ల ఉద్యోగమే పోయిందో అనుకున్నాను.

సూరిబాబు గారు నన్ను చూసి అరుగు దిగి వచ్చారు గానీ, ఎప్పటిలా లోపలికి రమ్మనలేదు. వేలు పెదవుల మీద పెట్టుకున్నారు.

"ఏంటండీ, నేనొస్తున్నట్టు మీకెవరు చెప్పారు? మళ్లీ నాకోసం మర ఆపేశారా?" అన్నాను.

"మీకోసం కాదండి" అన్నారు ఆయన, కాస్త సిగ్గుపడుతూ. "మా కోడలు ఫైలు పంపుకుంటోందండి."

వైరు మార్చేశాం కదా, ఇంక మర తిరిగినా ఫర్వాలేదని చెప్పాను. తెలుసునన్నారు. కోడలు కూడా రోజూ అదే చెబుతుందట. "అయినా మనసొప్పదండి. మీరేమీ అనుకోకపోతే కాసేపు అరుగు మీదే కూచోండి" అన్నారు.

ఆ ఇంటికి ఎవరొచ్చినా లోపలి ఫ్యాను కింద కుర్చీ వేసే మనిషి, నన్ను బయట కూర్చోబెట్టి తనే వంటింట్లోకి వెళ్లారు. కాఫీ చాలా ఆలస్యంగా వచ్చింది, ఆయనే కలిపి తెచ్చారు. పంచదార మరీ ఎక్కువైంది. గ్లాసు అడుగుదాకా తాగాను.